నెమలికారుకు కాడి కట్టిన సుంకులమ్మ

సుంకులమ్మ అని ఒగామె ఉండె మా దొడ్డిపల్లెలో. మొగోళ్ళ మాదిరి భుజం మీద ఎర్రగీతల తువ్వాల ఏసుకుని పశువుల సంతకు పోతాండె అంటే మీరు నమ్మరు. సెనక్కాయలు ఒలస్తా ఇనండి, సేతులు నిలపద్దండి. ఆయమ్మ మొగుడు తిప్పన్న ఎద్దుల దళారి. ఆయప్ప సచ్చిపోయినాంక ఇంగ ఈమె ఇంట్లో కూర్సుని ఏడుస్తాదిలే అనుకున్యారంట జనం. యాడిది! దినాలైన వారానికే మొగుని తువ్వాల తీసి భుజానేసుకునె, సంతకు పోయె. ఎద్దు పండ్లు పట్టి వయసు సెప్పె, సుడి సూసి గుణం సెప్పె, నాలుగడుగులు నడిపించి ఇది కాడికొస్తాది, ఇది రాదు అని సెప్పె. మొదుట నవ్వినారు. రొండు సంతలు పోతానే, సుంకులక్క సూసిందా అని అడక్కుండా ఎవురూ ఎద్దు పట్టుకోల్యా. సంతలో ధర నోటితో సెప్పరు, అది మీకు తెలుసు గదా? తెలీదా! ఈ కాలం పిల్లోళ్ళకు ఏం తెలుస్తాది. దళారి తువ్వాల కప్పితే, దాని కింద సెయ్యీ సెయ్యీ పట్టుకుని వేళ్ళతోనే మాట్లాడుకుంటారు. పక్కన నిలబడినోనికి తువ్వాల కదిలేది కనపడతాది గానీ లోపలి మాట తెలీదు. తువ్వాల కిందిది తువ్వాల కిందనే ఉండాల, అది సంత మర్యాద. ఇంగొగటి గూడా ఉంది. కొన్న ఎద్దును మడక, అదే నాగలి, కట్టి సూడాల, ఆ పొద్దు మేడి పట్టి దున్నేది కొన్నోడు కాదు, అమ్మినోడు. ఎద్దు కాడి కింద పండుకునిందనుకో, అమ్మినోడు ఇంగో మంచెద్దును తెచ్చిచ్చేదాక తన సొంతెద్దును కొన్నోని గూటానికి కట్టేసి పోవాల. యాలంటే వాన పడినాంక పదును ఎవురికోసమూ నిలబడదు గదా. ఈ మాటలు గెవనం పెట్టుకోండి, మళ్ళా పని పడతాది.

సరే, ఎద్దులు పోయె, ట్రాక్టర్లు వచ్చె, వాటెనకాలే కార్లు వచ్చె. మా ఊర్లో మొట్టమొదుట కొత్త కారు తెచ్చింది ఒగాయన. ఆయన పేరు నేను సెప్పను, అడగద్దండి. ఆ కారుకు ఇంగ్లీషు పేరేదో ఉంది, మా నోటికి తిరగల్యా. మూతి మీద పింఛం ఇప్పిన నెమలి బొమ్మ ఉండేసరికి నెమలికారు అన్యారు. ఆయన దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, ఊరంతా తిప్పినాడంట. ఎట్లుందన్నా బండి అంటే, గుర్రం రా, గుర్రం! తోలితే ఈ బండే తోలాల, అని మీసం తిప్పె. ఆ మాట ఇని ఇంగొగాయన తెచ్చె. ఆయన్ని అడిగితే ఆయనా గుర్రమనె. ఇట్ల ఒగర్ని సూసి ఒగరు, మూడేండ్లలో పది నెమలికార్లు వచ్చె ఊర్లోకి. పదకొండోది సుంకులమ్మది. పెంకుటిల్లు మీద డాబా ఏసుకోక ఈ వయసులో కారెందుకమ్మా అని అడిగినోళ్ళకు ఆయమ్మ ఏమీ సెప్పల్యా. నేను సెప్తా ఇనండి.

ఆయమ్మకు ఒగతే కూతురు, మల్లీశ్వరి. మొదటి కాన్పుకు నొప్పులొస్తే ఆస్పత్రి బండి కోసం ఫోన్ కొట్టి రొండు గంటలు కాసుకోనుండ్రి. మా ఊరికీ టౌనుకూ నడుమ బోడికొండ కనుమ ఉంది, అది తప్ప ఇంగో దోవ లేదు. బండి వచ్చి, ఈ పిల్లను ఎక్కించుకుని, కనుమ ఎక్కుతాండంగానే కాన్పయిపాయె. బిడ్డ ఏడవల్యా. సుంకులమ్మ ఆ బిడ్డను తువ్వాల్లో సుట్టుకుని కనుమ దిగి వచ్చె. ఆ పొద్దే మనసులో అనుకునిందంట, ఇంగోతూరి నా బిడ్డ ఎవురి బండి కోసమూ కాసుకోగూడదు, నా వాకిట్లోనే బండి ఉండాల అని. అందుకు కొనె కారు. తమ్ముడు కుళ్ళాయప్పను తోలమనె. మిగతా దినాల్లో బాడుగకు తోలినా, కారు కొన్నది మాత్రం కూతురి కోసమే. మల్లీశ్వరి మళ్ళా నీళ్ళోసుకునె. ఎనిమిదో నెల నిండె. ఈసారి ఆపరేషనే చేయాల, నొప్పులు మొదలైతే గంటలో నా దగ్గర ఉండాల, అని డాక్టరమ్మ గట్టిగా సెప్పిందంట.

ఏమైందంటే, ఆ డాక్టరమ్మకు సూపెట్టుకుని వస్తాండ్రి ఒగ పొద్దు. మిట్టమద్యానం, సుర్రుమనే ఎండ. ముందర సుంకులమ్మ, ఎనక మల్లీశ్వరి. కారు కనుమ బాగానే ఎక్కె. పైకొచ్చి దిగుడు మొదలుపెట్టినాంక, రొండో మలుపులో, ఉన్నట్టుండి ఇంజను సద్దు నిలిచిపాయె. నిలిచిపోతే పోనీ, కారు నిలబడాల గదా? అది దిగుడు! అది దొర్లుతానే ఉంది. కుళ్ళాయప్ప స్టీరింగు తిప్పితే తిరగల్యా, బండరాయి పట్టుకున్నట్టు ఉంది. బ్రేకు తొక్కితే గోడను తన్నినట్టు ఉంది. ఒగ పక్క కొండ, ఒగ పక్క ఏముందో మీకు తెలుసు. అక్కా, పట్టుకో! అని వాడు అరిస్తే, ఇద్దరూ నాలుగు సేతులా స్టీరింగు గుంజి, కారును కొండ పక్క ఉన్న గుంతలోకి దించిరి. మల్లీశ్వరి తలకాయ ముందర సీటుకు తగిలె, కడుపు పట్టుకుని, అమ్మా, కదుల్తాంది, బిడ్డ కదుల్తాంది, అనె. అరగంట సెట్టు నీడన కూర్సుండ్రి. కుళ్ళాయప్ప మళ్ళా తాళం తిప్పితే, ఏమీ తెలీనట్టు బుర్రుమనె ఆ నెమలి!

మరుసటి దినం షోరూముకు పోయిరి. ఆడ ఒగ మేనేజరు, మెళ్ళో పట్టీ, సేతిలో ఫోను. బండికి వైరు తగిలించి టీవీ మాదిరి దాంట్లో సూసి, అంతా బాగుందమ్మా, ఏ లోపమూ చూపించడం లేదు, అనె. నిలిచిపోయింది నాయనా, మేము సావల్సినోళ్ళం, అంటే, పెట్రోలు ఎక్కడ పోయించారు? మనుషుల్ని ఎక్కువ ఎక్కించారా? మీ తమ్ముడికి ఘాట్ రోడ్డులో నడపడం వచ్చా? అని మూడు అడిగె. అది సాలక, పసుపు ఇంజనులో పడిందేమో, మీ పల్లెటూళ్ళలో పూజలు ఎక్కువ గదా, అని నవ్వె. ఆఖరుకు ఏమన్నాడో తెలుసా? మీ ఊళ్ళో మా బండ్లు ఇంకా పది ఉన్నాయమ్మా, ఒక్కరంటే ఒక్కరు వచ్చి కంప్లైంట్ ఇవ్వలేదు, మీ ఒక్కరిదే, అనె. కాకికేం తెలుసు ఎద్దు పుండు నొప్పి? కుళ్ళాయప్ప కొట్టేదానికి పోయినాడంట. సుంకులమ్మ సెయ్యి పట్టుకుని బయటికి గుంజుకొచ్చె. రే, పండుకునే ఎద్దు సంతలో ఎప్పుడన్నా పండుకునిందా? సేన్లో కాడి కింద పండుకుంటాది. ఈయప్ప సల్లగా ఉన్నప్పుడు సూస్తాండాడు, దీని రోగం ఎండలో కనుమెక్కినాంక గదా, అనె. అని, దోవంతా ఒగ మాటే నమిలిందంట. పది బండ్లుండాయి, ఒగరూ రాల్యా. నిజమేనా?

ఊర్లోకొచ్చి పది మందినీ అడిగె. మొదుట ఆ మీసాలాయన దగ్గరికే పోయె, ఆయన వరసకు తమ్ముడైతాడు. ఏమప్పా, నీ కారు ఎప్పుడన్నా కనుమ మీద ఆగిందా? అంటే, నాదా! గుర్రం అక్కా, గుర్రం! నీ కుళ్ళాయప్పకు తోలేది రాదేమో, అనె. ఇంగొగాయన్ని అడిగితే, నాది వెన్న అనె. ఇంగొగాయన, అత్తా, దిష్టి తగిలింటాది, నిమ్మకాయ కట్టు, అనె. పది మందీ పది తీర్లుగా మెచ్చుకున్యారు గానీ, ఒగరి కండ్లు గూడా సుంకులమ్మ కండ్లల్లోకి సూడల్యా. ముప్పై ఏండ్లు ఎద్దులమ్మే మొగాల్ని సూసిన ఆడది అది! ఎద్దులో తప్పుండేవాడే మూపు నిమిరి ఎక్కువ పొగుడుతాడని ఆయమ్మకు తెలీదా? తేలు కుట్టిన దొంగల మాదిరి ఉండారు వీళ్ళు, అనుకునె. యాల దాస్తాండారో గూడా ఆయమ్మకు అర్థమాయె. నా ఎద్దు పండుకుంటాది అని నోటితో అంటే ఇంగ దాన్ని ఎవురన్నా కొంటారా? నా కారు ఆగిపోతాది అంటే బాడుగకు ఎవురన్నా ఎక్కుతారా? అమ్మితే ఎవురన్నా పట్టుకుంటారా? దానికి తోడు, గుర్రం గుర్రం అని పక్కోని సేత గూడా కొనిపించి, ఇప్పుడు కాదంటే మొగమెట్ల ఎత్తుకుంటాడు? అందుకని ఒగరి తప్పు ఒగరికి తెలీకుండా దాసుకున్యారు. అట్ల దాసుకుంటా దాసుకుంటా ఊరంతా అదే కారు కొనుక్కున్యారు. ఇంత తెలివిగల్లోళ్ళం గదా మేము!

సుంకులమ్మకు కోపమొచ్చిందా అంటే వచ్చె. కండ్లల్లో నీళ్ళు గూడా వచ్చె. ఇంట్లో బిడ్డ నిండు కడుపుతో ఉంది, వాకిట్లో కారుంది, ఊర్లో పది కార్లుండాయి, కనుమ దాటించేదానికి ఒగటీ పనికిరాదు. అయినా ఆయమ్మ అరిసే రకం కాదు. ఆయితారం పొద్దున పది మందినీ పాలకేంద్రం ముందరికి పిలిపిచ్చె. తువ్వాల తీసి సేతి మీద కప్పుకునె. నాయనా, మిమ్మల్ని ఎవుర్నీ నోరు తెరవమని నేనడగను. మీ గుట్టు మీది. సంతలో మాదిరి ఒగరెనక ఒగరు వచ్చి దీని కింద సెయ్యి పెట్టండి. ఎన్నితూర్లు ఆగిందో అన్ని వేళ్ళు పట్టుకోండి. ఆగనే లేదంటే ఉత్త పిడికిలి పెట్టండి. ఎక్కేటప్పుడు ఆగింటే నా అరసెయ్యి మీదికి నెట్టండి, దిగేటప్పుడైతే కిందికి నొక్కండి. ఎవురిది ఎంతో నేను సచ్చినా సెప్పను, మీకు తెలుసు, అనె. అది అందరికీ తెలుసు. సుంకులమ్మ తువ్వాల కింది మాట ముప్పై ఏండ్లలో ఒగటీ బయటికి రాల్యా.

మొదుట ఎవురూ కదల్యా. ఒగరి మొగాలు ఒగరు సూసుకున్యారు. ఆఖరుకు మేస్త్రి గంగులప్ప ముందరికొచ్చె, మెల్లగా సెయ్యి దూర్చె. తువ్వాల కదిలె. సుంకులమ్మ మొగంలో ఏమీ కనపడల్యా, ఊ, ఇంగొగరు, అనె. ఇంగొగరు వచ్చె. ఇంగొగరు. మీసాలాయన అందరి ఎనకాల వచ్చె, నవ్వుకుంటా. సెయ్యి పెట్టె. పెట్టినోడు ఎంతసేపటికీ తియ్యడే! ఐదు వేళ్ళూ పట్టుకునె, మళ్ళా బొటనవేలు ఒగటి పట్టుకునె, కిందికి నొక్కె, నొక్కి ఆ వేలును ఇడిసిపెట్టల్యా. పైన మొగం నవ్వుతాంది, కింద సెయ్యి ఏడుస్తాంది. సుంకులమ్మ ఆ సేతిని ఒగ గడియ గట్టిగా పట్టుకుని ఇడిసిపెట్టె. ఆమీట తువ్వాల దులిపి భుజానేసుకునె. నాయనా, ఇనండి. పదిమందిలో ఉత్త పిడికిలి పెట్టినోడు ఒగడూ లేడు. అందరూ కిందికే నొక్కినారు, ఒగరు గూడా మీదికి నెట్టల్యా, అనె. సూడాల వాళ్ళ మొగాలు! నీదీనా? అని ఆయన, నీది గుర్రమంటివి గదరా? అని ఈయన. గంగులప్ప నవ్వబట్టె, ఆ నవ్వు నలుగురికి అంటుకునె. ఇన్నాళ్ళూ నా ఒగనికే ఈ కర్మ అనుకుని ఎవురికి వాళ్ళు లోపల్లోపల కుములుతాండ్రి గదా, కొండంత బరువు దిగిపాయె. నవ్వింది సాలు, లేయండి, అనె సుంకులమ్మ. ఇది మన కర్మ కాదు, దిష్టీ కాదు, తోలేది రాక కాదు. పుట్టుకలోనే తప్పుండే బండి. అమ్మినోని సేత మడక పట్టించాల.

సోమవారం పొద్దున్నే పదకొండు నెమలికార్లు పోయి షోరూము ముందర వరసగా నిలబడె. కేకల్లేవు, జిందాబాదుల్లేవు. కార్ల మూతులు తెరిసిపెట్టి, వాటి నీడన కూర్సుని, ఇంటి నుంచి కట్టుకొచ్చిన రాగిసంగటి తింటాండ్రి, అంతే. కొత్త బండి కొనేదానికి వచ్చినోళ్ళు, ఏమన్నా, ఎట్లుంది బండి? అని అడిగితే, మాతో కనుమ దాకా రాండి సామీ, సూపిస్తాము, అంటాండ్రి. సాయంత్రానికి ఒగ బండి గూడా అమ్ముడుపోల్యా. మేనేజరు సెమటలు తుడుసుకుంటా పట్నానికి ఫోన్ కొట్టె. గురువారం పెద్దసారు వస్తాడు, దయచేసి ఇంటికి పోండమ్మా, అనె. ఆయన వచ్చి ఏం సేస్తాడు? అని సుంకులమ్మ అడిగె. మాట్లాడతారు, అనె మేనేజరు. మాట్లాడేదానికైతే వద్దు, తోలేదానికైతే రమ్మను, అని సెప్పి లేసె.

గురువారం మా ఊరికే వచ్చె ఆ పెద్దసారు. దివాకరరావో ఏదో పేరు. తెల్లగా, మంచోని మాదిరే ఉండాడు. ఆయన నల్లకారు దిగుతాంటే సుంకులమ్మ మొదుట సూసింది ఆయన్ని కాదు, కారు మూతిని. నెమలి లేదు! ఇంగో కంపెనీది! ఏం సారూ, మీరు వండిన కూడు మీరు తినరా? అనె. సారు మొగం ఎర్రబడె. ఇది మా ఆవిడ కారమ్మా, నాది సర్వీసుకిచ్చాను, అనె. సర్వీసుకా, పాపం, అనె ఆయమ్మ. ఆ నల్లకారును మాత్రం గెవనం పెట్టుకునె.

సారు సుంకులమ్మ కారు తోలాల, సుంకులమ్మ పక్కన కూర్సోవాల, మిగతా పది కార్లు ముందే పోయి కనుమ దిగుడులో కాసుకోవాల, అదీ ఒప్పందం. కుళ్ళాయప్ప కాళ్ళు పట్టుకున్నంత పని సేసె, అక్కా, నువ్వొద్దు, నేను కూర్సుంటా, అని. కాడి కట్టేటప్పుడు దళారి పక్కనుండాల రా, అనె ఆయమ్మ. అట్లని తెగించి గుడ్డిగా పోయిందనుకునేరు. ముందు దినమే దిగుడులో మూడు మలుపుల కాడ, కొండ పక్కన, సెనక్కట్టె వామి మాదిరి ఏయించిపెట్టె. కాయలు పెరుక్కున్నాంక మిగిలే ఎండు కట్టె, పశువులు తింటాయే, అదే. ఊర్లో ప్రతి ఇంటోళ్ళూ మోపు మోపు తెచ్చి ఏసిరి. సారు వచ్చేటప్పుడు దోవలో అది సూసినాడంట, కనుమలో ఆ కట్టె ఎందుకమ్మా? అంటే, పశువులకు సారూ, అనె.

మిట్టమద్యానం బయలుదేరిరి. సారు బాగానే తోలతాండాడు. ఏసీ ఏసె, పాట పెట్టె. కనుమ ఎక్కుతాంటే, చూశారా అమ్మా, ఎంత సాఫీగా ఎక్కుతోందో, అనె. ఎక్కేటప్పుడు అన్నీ ఎక్కుతాయి సారూ, కడుపు నిండిన ఎద్దు మొదటి సాలు బాగనే దున్నుతాది, అనె. పైకి పోయిరి. దిగుడు మొదలాయె. మొదటి మలుపు దాటె. చూశారా, ఏమీ కాలేదు, అని సారు అంటాండంగానే, ఇంజను సద్దు నిలిచిపాయె. పాట మాత్రం పాడతానే ఉంది! సారు స్టీరింగు తిప్పె, తిరగల్యా. బ్రేకు తొక్కె, దిగల్యా. కారు జోరందుకునె. ఆయన దోవ ఇడిసిపెట్టి సుంకులమ్మనే సూస్తాండాడు. ఆయమ్మకు భయం లేదా? ఉండె. బిడ్డ మొగం కండ్ల ముందర తిరిగె. అయినా, సారూ, నా పక్క సూడద్దు, దోవ సూడు. రొండు సేతులా కొండ పక్కకు గుంజు, అని తనూ గుంజె. ఇద్దరూ కలిసి గుంజితే కారు మెల్లగా మల్లుకునె. పోయి కట్టె వామిలో దూరె. సగం కారు కట్టెలో మునిగిపాయె. అప్పుడు నిలబడె. పాట మాత్రం ఇంగా పాడతానే ఉంది.

ముందరద్దం నిండా సెనక్కట్టే. కిటికీలోంచి సూస్తే మలుపు కింద లోయ కనపడతాంది. పది కార్లోళ్ళు పరిగెత్తుకుంటా వస్తాండారు. వాళ్ళు దగ్గరికి రాకముందే సారు గొంతు తగ్గించి, అమ్మా, మీ కారు మార్చేస్తాను. కొత్తది ఇప్పిస్తాను, వేరే రకం. మిగతావాళ్ళకి మాత్రం చెప్పొద్దు, మా కంపెనీ పరువు పోతుంది, అనె. సూడండి, ఆయనా మాలాంటోడే! గుట్టు గుట్టే. సుంకులమ్మ భుజం మీది తువ్వాల తీసి ఇద్దరి నడుమ కప్పె. సారుకు సంత బాస యాడ తెలుస్తాది, ఒప్పుకునిందేమో అనుకుని సెయ్యి పెట్టె. రొండోది గూడా పెట్టు, అనె. పెట్టె. ఆయన పది వేళ్ళూ ఒగటొగటే పట్టుకుని నొక్కుకుంటా వచ్చె. ఇవి పది బండ్లు సారూ. ప్రతిదాంట్లోనూ ఒగ ఆడబిడ్డ ఎక్కి కూర్సుంటాది. ఇదో ఇది నా వేలు. ఇది నా మల్లీశ్వరి. మొత్తం పదకొండు. నీ వేళ్ళు పదీ, నా వేలు ఒగటీ, అన్నీ మార్సల్ల, ఒగటి తక్కువైనా నేను ఒప్పుకోను, అనె.

అని, తువ్వాల గుంజి పారేసె. జనమంతా సుట్టూ నిలబడుండారు. ఇంతకాలం నేనే తువ్వాల కప్పినా, ఇంగ కప్పను. తువ్వాల కింద మనం దాసుకున్నందుకే ఈ బండి ఊర్లోకి పదకొండుతూర్లు వచ్చె. సారు ముందర నోటితో సెప్పండి, అనె. అందరూ తలకాయలు దించిరి. అప్పుడు ఎవురు ముందరికొచ్చిరి అనుకుంటారు? ఆ మీసాలాయన. నాది ఆరుతూర్లు ఆగింది సారూ, అనె. ఒగతూరి నా పెండ్లామూ నా ఇద్దరు పిల్లోళ్ళూ అందులో ఉండ్రి. రాయికి తగిలి నిలబడె గాబట్టి బతికినాము. ఇంటికొచ్చి పెండ్లాం సేత ఒట్టేయించుకుంటి, ఎవురికీ సెప్పద్దని. ఆ తర్వాతనే ఇంగో నలుగురు నన్నడిగి ఈ బండి కొనిరి. నేను గుర్రమని సెప్తి సారూ. ఈ సుంకులక్కకు గూడా నేనే సెప్తి. అని ఆడనే కూలబడి, సిన్నపిల్లోని మాదిరి ఏడ్సె. ఎవురూ ఆయన్ని తిట్టల్యా. ఆయన ఎనకాల గంగులప్ప సెప్పె, ఆయప్ప ఎనక ఇంగొగాయన, అందరూ సెప్పిరి. సారు ఫోనులో ఒగటొగటి రాసుకునె, కింద అందరి సంతకాలూ ఏయించుకునె, తన సంతకమూ పెట్టె. ఇంజను వేడెక్కితే సెడిపోయే సామాను ఒగటి ఉందంట దాంట్లో, పదకొండు బండ్లకూ మారుస్తాము, పదైదు దినాలు కావల్ల, అనె.

ఊర్లోకి వచ్చినాంక సారు నల్లకారు ఎక్కబోతాంటే సుంకులమ్మ తలుపుకు అడ్డం నిలబడె. యాడికి సారూ? నా ఎద్దు కాడి కింద పండుకునె, నువ్వే మేడి పట్టి సూస్తివి. మంచిది తెచ్చిచ్చేదాక నీ సొంతెద్దును నా గూటానికి కట్టిపోవాల, అది మా మర్యాద. నా బిడ్డకు పదును దగ్గరికొచ్చె, అనె. సారు, అమ్మా, అది మా ఆవిడది, అంటాండాడు. మీ ఆవిడకు నేను సెప్తా, ఫోను కలుపు, అనె. కలిపిచ్చె. ఆడోళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్యారో ఎవురికీ తెలీదు, ఒగ ఐదు నిముషాలు మాట్లాడుకున్యారు. ఫోను తిరిగి తీసుకున్న సారు సెవికి ఆనించుకుని ఇని, తలకాయ ఊపి, తాళాలు సుంకులమ్మ సేతిలో పెట్టె. సుంకులమ్మ అటక మీద నుంచి పాత పగ్గం తీసి, కారు మూతి కింద ముడేసి, వాకిట్లో గూటానికి కట్టె. కారు పారిపోతాదనా? కాదు, మర్యాద మర్యాదే. సారు నాలుగ్గంటల బస్సుకు పాయె.

మూడో దినం, పొద్దున పదింటికి మల్లీశ్వరికి నొప్పులొచ్చె. కుళ్ళాయప్ప పగ్గం ఇప్పె. నల్లకారు కనుమెక్కె, కనుమ దిగె. దిగుడులో మలుపు మలుపుకూ మావోళ్ళు కట్టె వాముల కాడ నిలబడి సూస్తాండ్రి, అవసరం పడల్యా. నలభై నిముషాల్లో డాక్టరమ్మ ముందర ఉండ్రి. ఆడపిల్ల పుట్టె. పుట్టీ పుట్టకముందే ఆస్పత్రి ఎగిరిపోయేటట్టు ఏడ్సె. ఆ ఏడుపు ఇని సుంకులమ్మ, సంతలో ముప్పై ఏండ్లలో కన్ను తడపని ఆడది, గోడకానుకుని కూర్సుని వెక్కి వెక్కి ఏడ్సె. మొగుని ఎర్రగీతల తువ్వాల్లోనే సుట్టె మనవరాలిని. ఈతూరి ఆ తువ్వాల్లోది కదుల్తాంది.

సారు మాట తప్పల్యా. పన్నెండో దినానికి మెకానిక్కులతో వచ్చి పదకొండు బండ్లకూ ఆ సామాను మార్సె. మార్సినాంక సుంకులమ్మ అడగకముందే, మూడు దినాలు ఉండి, మిట్టమద్యానం ఎండలోనే, ఒగటెనక ఒగటి, పదకొండు బండ్లనూ తనే కనుమెక్కించి దించె. ఒగటీ ఆగల్యా. పోయేటప్పుడు వాళ్ళ ఆవిడ పంపించిందని పాపకు గౌను ఇచ్చి, పగ్గం ఇప్పుకుని నల్లకారు తీసుకుపాయె. ఆ పొద్దు నుంచి మా ఊర్లో బండి అమ్మేవాడు ముందు తప్పు సెప్పి, ఆమీటే ధర సెప్తాడు. అట్ల సెప్పకపోతే ఎవురూ బేరమే ఆడరు.

అంతే కత. ఏమ్మా, ఏందో గొణుగుతాండావు? అంట, అంట అని సెప్తాండావు, తువ్వాల కింద బొటనవేలు రొండోతూరి పట్టుకునేది నీకెట్ల కనపడె, అంటావా? మంచి తెలివిగల్లదానివే. ఇదో, ఆ సెయ్యి ఇదే, సూసుకోండి. మీసం ఆ పొద్దే తీసేసినా, అందుకే మీరు కనుక్కోల్యా. సరే, ఒలిసింది సాలు, బుట్టలు ఇట్ల తెండి. పుచ్చిన గింజలుంటే పుచ్చువని సెప్పి పైన పెట్టండి, అడుక్కు తొయ్యద్దండి.